నాలుగో ఫోను

ఆరో అంతస్తులో లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి రెండో సంతకానికి నోరు పిడచకట్టుకుపోయింది. రెండో సంతకం అంటే అతని పేరు కాదు, అతని పని. పదకొండేళ్ళుగా అదే పని చేస్తున్నాడు కాబట్టి సెక్షనంతా అతన్ని అలాగే పిలుస్తుంది, కొత్తగా చేరినవాళ్ళెవరైనా అసలు పేరు అడిగితే పాతవాళ్ళు కూడా ఒక్క క్షణం తడుముకుంటారు. ఫోను వచ్చి పది నిమిషాలు కాలేదు. 'ఒకసారి పైకి వస్తారా' అన్నారంతే, అదీ ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకే అతని పై ప్రాణాలు పైనే పోయాయి. విసుక్కుంటూ పిలిచి ఉంటే ఏదో కాగితం కనపడక పిలిచారనుకుని చొక్కా సర్దుకుంటూ వచ్చేవాడు. పైకి వెళ్ళి వచ్చినవాళ్ళు ఏం జరిగిందో చెప్పరు, చెప్పకూడదని ఎవరూ అనలేదు, అయినా చెప్పరు, కిందవాళ్ళూ అడగరు. గదిలో నీలంగుడ్డ కుర్చీలు నాలుగు, ఆకుల మీద దుమ్ము తుడిచి పెట్టిన కుండీ మొక్క ఒకటి, లోపలి మనిషి కనపడకుండా మసకద్దం వేసిన తలుపు, చప్పుడు చెయ్యని గడియారం. బల్ల దగ్గర కూర్చున్నావిడ కళ్ళజోడు గొలుసు సర్దుకుంటూ మంచినీళ్ళు కావాలా సార్ అంది, ఒక కాగితం చేతికిచ్చింది. "పిలిచేలోగా ఇది నింపండి సార్. గంట టైముంది, తొందరేం లేదు." కాగితం పైన ఒక్కటే ప్రశ్న ఉంది. మిమ్మల్ని ఎందుకు పిలిచామని అనుకుంటున్నారు, మీ సొంత మాటల్లో రాయండి. కిందంతా గీతలు, వెనక్కి తిప్పితే అటూ గీతలే. "నాకేం తెలీదండీ," అన్నాడు. ఆవిడ చక్కగా నవ్వింది. "అందరూ మొదట అలాగే అంటారు సార్," అని తన పనిలో పడింది. టైము పదకొండూ అయిదు.

మొదట అలాగే అంటారు అంటే తర్వాత ఏమంటారు. కలం మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు. సరే, ఆలోచిద్దాం, మనిషన్నాక ఏదో ఒకటి చేసే ఉంటాడు. పోయిన మంగళవారం ఏడు నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు, కానీ ఏడు నిమిషాలకి ఆరో అంతస్తా. అమ్మాయి స్కూలు పని కోసం తెల్లకాగితాలు ఓ పాతిక ఇంటికి తీసుకెళ్ళాడు, అవి మళ్ళీ తెచ్చి పెట్టేశాడు కూడా, వేరే రకం కాగితాలు దొరికితే అవే పెట్టాడు. అది పట్టుకున్నారేమో, తీసినందుకు కాదు, మార్చినందుకు. ఆ మాట నవ్వొచ్చేలా ఉంది గానీ నవ్వు రాలేదు. సోమవారం పొద్దున్నే అందరూ నిలబడి నాలుగు వాక్యాలు చదవాలి, అందులో మొదటిది 'ఇక్కడ ఎవరూ ఎవరికీ భయపడరు' అని, ఆ వాక్యం దగ్గర ఒకసారి పక్క సీటాయన మెల్లగా దగ్గితే అతనికి నవ్వాగలేదు. ఆగలేదంటే పెదవి కదిలిందంతే. ఎవరు చూశారు. ఆ రోజు ఎదురుగా నిలబడ్డదెవరో గుర్తుచేసుకోవాలని చూస్తే మొహాలు రావడం లేదు, మెళ్ళో వేలాడే కార్డులే వస్తున్నాయి వరసగా. ఇంట్లో కూడా అంతే అయిపోయాడని భార్య గోల. నిద్దట్లో 'పరిశీలనలో ఉంది' అంటున్నారు, ఎవరు ఏ పరిశీలనలో ఉన్నారు మహాప్రభో, అంది మొన్న. ఆమెకి వేళాకోళంగా ఉంది. భోజనం దగ్గర ఆఫీసు మాట వస్తే తన గొంతు దానంతట అదే తగ్గిపోతోందని, వీధి వైపు కిటికీ వేసి ఉందో లేదో చెయ్యి చాచి చూసుకుంటున్నాడని ఆమె ఇంకా గమనించలేదు. గమనించిందేమో, అనలేదేమో. ఆమె కూడా అతని దగ్గర మాటలు దాచడం నేర్చుకుంటోందా అన్న ఆలోచన వచ్చి అతను గడియారం వైపు చూశాడు.

అమ్మాయి నిన్నగాక మొన్న చరిత్ర పాఠం ముందేసుకుని కూర్చుంది. పుస్తకంలో నియంతల బొమ్మలున్నాయి, ఎత్తిన పిడికిళ్ళు, బూట్లు, మైదానం నిండా జనం. అంతమంది ఎలా ఒప్పుకున్నారు నాన్నా, అని అడిగింది. అతను పెద్ద తెలిసినవాడిలా తుపాకులుండేవి తల్లీ అన్నాడు. మరి తుపాకి ఒక్కో ఇంటికీ ఒకటి పెట్టేవాళ్ళా, అంది అది. దాని నోటికి అడ్డూ ఆపూ లేదు, వాళ్ళమ్మ పోలిక. పెట్టక్కర్లేదు, ఒకింట్లో పేలితే పది వీధులకి వినపడుతుంది, అన్నాడు. బాగా చెప్పాననుకుని మురిసిపోయాడు కూడా. ఇప్పుడు ఈ నీలం కుర్చీలో కూర్చుంటే ఆ జవాబు ఎంత తెలివితక్కువదో తెలుస్తోంది. ఇక్కడ ఎక్కడా ఏదీ పేలలేదు. ఈ పదకొండేళ్ళలో అతన్ని ఒక్కరు ఒక్క గట్టి మాట అనలేదు. పుట్టినరోజుకి కార్డు వస్తుంది, జ్వరమొస్తే ఎలా ఉందని ఫోను వస్తుంది. మీ ఆఫీసులో అందరికంటే పెద్ద ఎవరు నాన్నా అని అదే పిల్ల ఇంకోసారి అడిగితే సెక్షను హెడ్డుగారని మొదలుపెట్టి, ఆయన పైన ఇంకొకాయన, ఆయన పైన కమిటీ, కమిటీ పైన పద్ధతి అని చెప్పుకుంటూ పోయి ఆగిపోయాడు. పద్ధతి అంటే మనిషా, అంది. సెక్షను హెడ్డుగారికీ చేతులు వణుకుతాయి, అతను చూశాడు. పైనుంచి ఫోనొస్తే ఆయన లేచి నిలబడి మాట్లాడతాడు, ఎదురుగా ఎవరూ లేకపోయినా. మరి ఆయన్ని భయపెట్టేవాడికి భయం లేదని ఏముంది. అందరూ భయపడుతున్నది ఎవరికో తెలిస్తే సగం భయం పోతుంది కదా, కనీసం వాడి మొహం ఎలా ఉంటుందో తెలుస్తుంది, అనుకున్నాడు. అలా అనుకున్నందుకు ఉలిక్కిపడి కాగితం మీద ఏమైనా గీశానా అని చూసుకున్నాడు. ఏమీ లేదు. పదకొండున్నరకి అయిదు నిమిషాలు తక్కువ.

అసలు సంగతి చుట్టూ తిరుగుతున్నాడని అతనికి తెలుసు. అసలు సంగతి నాలుగో ఫోను. వీళ్ళది మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకి నర్సుల్ని పంపే సంస్థ. పుండ్లకి కట్టు కట్టాలి, సూది వెయ్యాలి, పక్క మార్చాలి, ఇలా ఎవరికేం కావాలో ఒక్కొక్కరికీ ఒక ఫైలు. నర్సులు తక్కువ, మంచాలు ఎక్కువ. నర్సు వెళ్ళి తలుపు కొట్టినా తియ్యని ఇంటికి మూడు రోజులు మూడు ఫోన్లు చేస్తారు. మూడింటికీ ఎవరూ పలక్కపోతే ఆ మనిషి లేడని లెక్క, ఫైలు మూసెయ్యాలి, ఫోను చేసినవాళ్ళు మొదటి సంతకం పెడతారు, తేదీలు సరిచూసి అతను రెండోది పెడతాడు. రెండూ కలిస్తేనే ఫైలు మూతపడుతుంది. నాలుగో ఫోను చెయ్యకూడదు. చెయ్యకూడదని రాసి ఉండడం కాదు, అసలు నాలుగో ఫోను అనే గడి ఫారంలోనే లేదు. ఎందుకు లేదో నాలుగేళ్ళ కిందట పాటలాయన పుణ్యమా అని అందరికీ తెలిసింది. కూనిరాగాలు తీస్తూ పనిచేసేవాడు కాబట్టి ఆయన పాటలాయన. మీటింగులో లేచి, ఎంతో సంతోషంగా, మొన్న ఒకావిడ ఫైలు మూసే ముందు ఎందుకో ఊరికే ఇంకోసారి చేశానండీ, ఎత్తింది, బతికే ఉంది, కాలు జారి పడి ఫోను దాకా పాకలేకపోయిందట ఆ మూడు రోజులూ, అన్నాడు. మెచ్చుకుంటారనుకున్నాడు పాపం. హెడ్డుగారు కాగితాలు సర్దుతూ, మూడు చాలవంటారా అయితే, అని అడిగారు. అదీ మెత్తగానే. అప్పుడు అర్థమైంది అక్కడున్న పద్దెనిమిది మందికీ. మూడు చాలకపోతే, మూడు చాలనుకుని మూసిన ఫైళ్ళన్నీ ఏమిటి, వాటి మీద సంతకాలు పెట్టినవాళ్ళందరూ ఎవరు. మూడు చాలి తీరాలి. నాలుగోసారి ఎత్తే మనిషి ఉండడానికి వీల్లేదు, ఉంటే ఆ తప్పు ఆ మనిషిది.

పాటలాయన్ని ఎవరూ ఏమీ అనలేదు. రెండు వారాలకి ఆరో అంతస్తుకి పిలిచారు, వచ్చాడు, రాగాలు తియ్యడం మానేశాడు. ఇంకో నెలకి వేరే సెక్షనన్నారు, ఆ సెక్షను ఎక్కడుందో ఎవరికీ తెలీదు. కనపడని పనేదో అప్పుడే మొదలైంది. ఫోను నంబర్ల జాబితాలోంచి ఆయన పేరు పోయింది, గోడ మీది గ్రూపు ఫొటో మార్చారు, అవి ఆఫీసు చేసిన పనులు. కానీ సొంత ఫోనులో ఆయన నంబరు తీసెయ్యమని రెండో సంతకానికి ఎవరు చెప్పారు. ఎవరూ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుని తీసేశాడు. ఆ తర్వాత ఆర్నెల్లకి బస్టాపులో ఎదురుపడ్డాడాయన. గడ్డం నెరిసింది, చేతిలో సంచి, మొహం విప్పార్చుకుని రెండడుగులు ముందుకేశాడు. అతను ఫోను చెవికి ఆనించుకున్నాడు, అవతల ఎవరూ లేని ఫోను, ఆ ఆ అలాగే, వస్తున్నా, అంటూ పక్కకి నడిచాడు, తనది కాని బస్సెక్కి మూడు స్టాపులు పోయి దిగి వెనక్కి నడిచొచ్చాడు. సిగ్గేసిందా అంటే వేసింది, ఇప్పటికీ ఆ స్టాపు మీదుగా వెళ్ళాల్సి వస్తే మొహం తిప్పుకుంటాడు. కానీ ఆ రోజు సిగ్గుకంటే ముందు అతని ఒంట్లోకి వచ్చింది ఇంకోటి, ఎవరైనా చూశారా అన్నది.

ఇక నర్సమ్మ. ఆ పేరు దగ్గరికి రాకూడదనే ఇందాకట్నుంచి బుర్ర వీధులన్నీ తిరిగొచ్చింది. ఆమె మొదటి సంతకం. ఇక్కడికి రాకముందు ఇరవయ్యేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసింది, మోకాళ్ళు పట్టేసి బల్లపనికి వచ్చింది, ఇంకో పధ్నాలుగు నెలల్లో రిటైరవుతుంది. అతన్ని రెండో సంతకం అనదు, తమ్ముడూ అంటుంది, ఈ బిల్డింగులో ఆ పిలుపు ఆమె ఒక్కతే పిలుస్తుంది. పాటలాయన గతి కళ్ళారా చూసి కూడా ఆమె నాలుగో ఫోను చేస్తూనే ఉంది. ఆఫీసు ఫోనులో కాదు, తన ఫోనులో, మధ్యాహ్నం తిండివేళ, మెట్ల కింద నిలబడి. ఫైల్లో ఉన్న మనిషి ఎత్తకపోతే కింద వాటా వాళ్ళకి, వాళ్ళూ ఎత్తకపోతే వీధి చివర మందుల షాపుకి. చెవుడొచ్చిన దర్జీ ఒకాయన ఉన్నాడు, ఆయనకి ఫోను మోగడం వినపడదు, కింద అద్దెకుండేవాళ్ళ పిల్లని పైకి పరిగెత్తించి చూసి రమ్మంటుంది. బతికే ఉన్నాడని తెలిస్తే ఫైలు మీద 'వివరాలు సరిచూస్తున్నాం' అని రాసి వారం వారం అలా నెడుతుంది, నర్సు వెళ్తూ ఉంటుంది. అలాంటివాళ్ళు ఇరవై ముగ్గురు. అతనికి లెక్క తెలుసు, తేదీలు సరిచూసేవాడికి తెలియకుండా ఎలా పోతుంది. రెండేళ్ళ కిందట మొదటిది పట్టుకున్నాడు, మార్చిలో మూతపడాల్సిన ఫైలు జూన్ దాకా కళ్ళు తెరుచుకునే ఉంది. తలెత్తి ఆమె సీటు వైపు చూశాడు. ఆమె కూడా చూసింది, బతిమాలలేదు, కళ్ళు దించుకోలేదు. చూసీ చూడనట్టు ఆ 'వివరాలు సరిచూస్తున్నాం' కింద సంతకం పెట్టాడు. ఆ రోజు ఇంటికి వెళ్తుంటే ఎన్నాళ్ళకో ఒంట్లో తేలిగ్గా అనిపించింది, అమ్మాయికి సైకిలు తోలడం నేర్పించాడు చీకటి పడేదాకా. ఆ తర్వాత అతని తల్లికి జబ్బు చేసి మంచాన పడితే, నర్సమ్మ ఏడు నెలలు ప్రతి ఆదివారం వచ్చింది. ఆఫీసు తరఫున కాదు, ఊరికే. వీపు పుండు కడిగేది, ఆ వాసనకి కొడుకైన తను గుమ్మంలో నిలబడితే ఆమె నవ్వుతూ, వేడినీళ్ళు పట్రా తమ్ముడూ, నిలబడితే పుండు మానదు, అనేది. ఆఖరి రోజు తల్లి చెయ్యి అతని చేతిలోంచి తీసి పక్క మీద పెట్టింది కూడా ఆమే. అలాంటి మనిషి.

అలాంటి మనిషి నిన్న మూడింటినుంచి నాలుగింటిదాకా సీట్లో లేదు. ఈ మాట ఎక్కడినుంచి వచ్చిందో గాని వచ్చి కూర్చుంది. ఎక్కడికి వెళ్ళింది. పన్ను నొప్పంది పొద్దున. పన్ను నొప్పికి గంటా. గంట, సరిగ్గా గంట టైమిస్తారు ఇక్కడ. ఆమె ఈ కుర్చీలోనే కూర్చుందేమో, ఇదే కాగితం మీద, రెండో సంతకానికి మొదట్నుంచీ తెలుసు అని రాసిందేమో. ఛ, ఆమె రాయదు. ఎందుకు రాయదు, పధ్నాలుగు నెలలుంది రిటైరవడానికి, ఆ కాళ్ళతో ఎక్కడికి పోతుంది. తమ్ముడూ తమ్ముడూ అని తల్లి పుండు కడిగింది కూడా అందుకేనేమో, నోరు కట్టెయ్యడానికి. ఈ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది, కానీ రోత పుట్టినా ఆలోచన పోలేదు, దాని పక్కనే సర్దుకుని కూర్చుంది. సరే, ఆమె రాయలేదనుకో. అయినా వీళ్ళకి తెలుసు. తెలియకపోతే పిలవరు కదా. తెలిసి పిలిచి ఎందుకు పిలిచామో మీరే చెప్పండి అంటున్నారంటే, దాస్తాడా చెప్తాడా అని చూస్తున్నారు. ఏడు నిమిషాల ఆలస్యం రాస్తే, చిన్నది రాసి పెద్దది దాచాడంటారు. ఖాళీగా ఇస్తే, అంతా దాచాడంటారు. తన సంగతి మటుకు రాసి ఆమె పేరు రాయకపోతే సగం దాచాడంటారు, పదకొండేళ్ళుగా సగం నింపిన కాగితాలు వెనక్కి పంపినవాడు తనే, సగం కాగితం చూస్తే తనకే ఒళ్ళు మండుతుంది. అయినా రాసినంత మాత్రాన ఆమెకి ఏమవుతుంది, వాళ్ళకి ఎలాగూ తెలిసిందే కదా. తను రాసినా రాయకపోయినా ఆమెకి జరిగేది జరుగుతుంది, రాస్తే తను బతుకుతాడు. భార్య, పిల్ల, ఇంకా పదేళ్ళ ఉద్యోగం. బల్ల దగ్గరావిడ గొంతు సవరించుకుంది, అతన్ని చూసి కాదు, ఊరికే. పన్నెండుకి పద్దెనిమిది నిమిషాలుంది. అతను కలం మూత తీశాడు.

మొదటి వాక్యమే కష్టమైంది, ఆ తర్వాత చెయ్యి దానంతట అదే పోయింది. ఫైళ్ళు ఇరవై మూడు, నాలుగో ఫోను, మెట్ల కింద, తిండివేళ, సొంత ఫోను. ఆమె పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాడు, నర్సమ్మ అని రాయలేదు. నాకు రెండేళ్ళుగా తెలిసి కూడా తెలపనందుకు చింతిస్తున్నాను అని తన సంగతీ రాశాడు. అక్షరాలు గుండ్రంగా, గీత దాటకుండా వచ్చాయి. వెనక పేజీలో సగం దాకా నిండింది. చివర తేదీ వేసి సంతకం పెట్టేసరికి, చెప్పడానికి నోరు రాదు గానీ, హాయిగా ఉంది. మెడ మీది బరువు ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టుంది. రెండు చేతులతో కాగితం తీసుకెళ్ళి ఇచ్చాడు, ఆవిడ థాంక్స్ సార్ అని బల్లకి పక్కనున్న సన్నటి సందులోకి జార్చింది. కాసేపటికి మసకద్దం తలుపు తెరుచుకుంది.

లోపల ముప్పయ్యేళ్ళు కూడా లేని ఇంజనీరు ఒకడు, ముందు కంప్యూటరు, పక్కన ఫ్లోరు పటం. "కూర్చోండి సార్, వెయిట్ చేయించాం, ఏమనుకోకండి. పోయినేడు ఫిబ్రవరిలో మీరో అర్జీ పెట్టారు కదా, ఏసీ గాలి నేరుగా మీ నెత్తి మీద పడుతోందని." అర్జీ. అవును పెట్టాడు, జలుబు తగ్గక, ఎప్పుడో, తనే మర్చిపోయాడు. "ఇప్పుడు శాంక్షనయింది సార్. గాలి మూత మార్చడం కుదరదు, మీ బల్లనే జరపాలి. వెనక్కి జరుపుదామా, ఎడమ పక్కకా? ఎడమ పక్కకైతే కిటికీ ఉంటుంది, ఎండొస్తుంది మరి." ఎడమ పక్కకి, అన్నాడు. తన గొంతు తనకే ఎక్కడో వినపడింది. ఇంకేమీ లేదా అని అడిగాడు. ఇంకేముంది సార్, ఇక్కడ ఒక సంతకం, అన్నాడు కుర్రాడు. పెట్టాడు. ఈసారి అక్షరాలు వంకర పోయాయి.

బయటికొచ్చి బల్ల పట్టుకుని నిలబడ్డాడు. "ఆ కాగితం ఒకసారి ఇస్తారా అండీ. పొరపాటున రాశాను, వేరే సంగతి అనుకుని."

"అది లోపలికెళ్ళిపోయింది సార్."

"లోపల అడిగితే, ఆ ఇంజనీరు గారిని..."

"ఆయనకేం సంబంధం సార్, ఆయన ఏసీలు చూస్తారు. కాగితం ఈ అంతస్తుకి ఎవరొచ్చినా ఇస్తాం, పద్ధతి." ఆవిడ జాలిగానే చూసింది, నిజంగానే జాలి. "మరీ అంత కంగారు పడకండి. మనుషులెవరూ చదవరు. మిషను పేర్లు తీసుకుంటుందంతే. పేరొచ్చినవాళ్ళకి పిలుపు వెళ్తుంది, వాళ్ళూ వచ్చి రాసుకుంటారు. రెండూ సరిపోతే ఇక అప్పుడు పైవాళ్ళు చూస్తారు."

రెండూ సరిపోతే. లిఫ్టు కోసం నిలబడే ఓపిక లేక మెట్ల దారి పట్టాడు. వాళ్ళకేమీ తెలియదు. ఆరో అంతస్తులో ఎవరికీ ఏమీ తెలియదు, ఎప్పుడూ తెలియదు, వచ్చినవాళ్ళే తెచ్చి ఇస్తున్నారు. ఈ కాగితం కాకపోతే ఇరవై ముగ్గురూ ఇంకో పధ్నాలుగు నెలలు బతికి ఉండేవాళ్ళు కాగితాల మీద, చెవుడొచ్చిన దర్జీకి గురువారం కట్టు మార్చేవాళ్ళు. గాలి కోసం పిలిస్తే ఆమెని పట్టిచ్చాడు. అయిదో అంతస్తు, నాలుగు, పాటలాయన పేరు ఆ మీటింగులో ఉన్న పద్దెనిమిది మందిలో ఎవరి కాగితంలోంచి వచ్చిందో, ఆ రాసినవాణ్ణి కూడా ఏ కుర్చీ కోసమో బల్బు కోసమో పిలిచి ఉంటారు. ఇంకా టైముంది, పరిగెత్తి ఆమెతో చెప్పొచ్చు, ఏమీ రాయకక్కా, ఏడు నిమిషాల ఆలస్యమని రాసిరా చాలు, వాళ్ళ దగ్గర నా కాగితం తప్ప ఏమీ లేదు, నేను కావాలని అబద్ధం రాశానని చెప్పు. ఆ వాక్యాలన్నీ మూడో అంతస్తు దాకా నోట్లో సర్దుకుంటూనే వచ్చాడు.

నర్సమ్మ అప్పటికే లేచి నిలబడి ఉంది, ఒక చేత్తో బల్ల పట్టుకుని మోకాలు సాపు చేసుకుంటోంది, ఆమె బల్ల మీది ఫోను ఇప్పుడే పెట్టేసినట్టుంది. "వచ్చావా. నన్నూ రమ్మంటున్నారు పైకి. ఏమడిగారు తమ్ముడూ?" మొహంలో కంగారుంది, కానీ అతన్ని చూశాక కొంచెం తగ్గింది, అది అతను చూశాడు. సెక్షనులో తలలన్నీ పనిలో ఉన్నాయి, ఒక్క చెవి కూడా పనిలో లేదు. ఏమీ రాయకక్కా. చిన్న మాట. పక్క సీటాయన టైపు చెయ్యడం ఆపాడు. ఇప్పుడు ఈ మాట అంటే పక్కాయన వింటాడు, రేపు పక్కాయన్ని బల్బు కోసం పిలుస్తారు. పైగా ఆమె ఏమీ రాయకపోతే, తన కాగితంలో ఇరవై మూడు, ఆమె కాగితంలో సున్న, రెండూ సరిపోవు. సరిపోకపోతే వెనక్కి వచ్చేది రెండో సంతకానికి. పదకొండేళ్ళుగా అతని పనే అది.

"ఏం లేదక్కా. ఏసీ గాలి సంగతి," అన్నాడు. "కాగితమొకటి ఇస్తారు. ఉన్నదున్నట్టు రాసెయ్. ఏం కాదు."

ఆమె సరే అన్నట్టు తలూపి రెండడుగులు వేసింది. అతను ఊరుకోలేకపోయాడు. "ఇరవై మూడే కదక్కా," అన్నాడు మెల్లగా, "ఇరవై మూడని రాయి."

నర్సమ్మ ఆగింది. వెనక్కి తిరిగి అతని మొహంలోకి చూసింది, పుండు లోతు చూసేటప్పుడు చూసినట్టు, తొందర లేకుండా. తన సొంత ఫోను తీసి చెంగు చివర ముడేసుకుంది, మోకాలి మీద చెయ్యి వేసుకుని దగ్గరికొచ్చి, అతనికొక్కడికే వినపడేలా అంది. "భయపడకు తమ్ముడూ. నీకేం తెలీదనే రాస్తాలే."

ఆమె లిఫ్టు వైపు నడుస్తుంటే అతనికి ఏడుపు రావాలి. రాలేదు. నాకు రెండేళ్ళుగా తెలుసు అని తన చేత్తో రాసిన గుండ్రటి వాక్యం ఒక్కటే కళ్ళ ముందు నిలిచింది, ఆమె రాయబోయే దానితో అది సరిపోదు. ఆమెని ఆపి, నా పేరు రాయి అక్కా అని బతిమాలాలని అతను ఆమె వెనకే అడుగేశాడు.